వెల్టీ ఇల్లు చూసొచ్చినప్పటి నుంచి నా మీద నాకే కోపంగా ఉంది

అమెరికాలో మిసిసిపీ రాష్ట్ర రాజధాని జాక్సన్ పక్కనే ఉన్న ఒక చిన్న ఊరి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆవిడది తెనాలి, పెళ్లయ్యాక అమెరికా వచ్చారు, ఇప్పుడు నలభై దాటాయి. ఒక హాస్పిటల్ బిల్లింగ్ విభాగంలో పని చేస్తారు, వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచే. భర్తకూ ఉద్యోగం ఉంది, కుటుంబం ఇన్సూరెన్సు ఆయన ఆఫీసు నుంచే. పాప హైస్కూల్లో ఉంది, రెండేళ్లలో కాలేజీ. నాన్న పోయాక అమ్మను తన దగ్గరికి తెచ్చుకున్నారు. అమ్మకు గ్రీన్‌కార్డు వచ్చి మూడేళ్లు. మోకాళ్లు సహకరించవు, ఏడాదిగా మతిమరుపు కూడా మొదలైంది. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోతారు, మధ్యాహ్నం భోంచేశారో లేదో గుర్తుండదు.

ఆవిడ కథలు రాసేవారు. పత్రికల్లో వచ్చాయి, ఒక సంపుటి కూడా వేసుకున్నారు. అమ్మమ్మగారి తెనాలి ఇంటి గురించి ఒక నవల మొదలుపెట్టి నాలుగో అధ్యాయం దగ్గర ఆగిపోయారు. అమ్మ వచ్చినప్పటి నుంచి ఒక్క కథ కూడా పూర్తి కాలేదు. పోయిన వేసవిలో పాపను తీసుకుని జాక్సన్‌లో రచయిత్రి యుడోరా వెల్టీ ఇల్లు చూడ్డానికి వెళ్లారు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. "మేడ మీద గదిలో కిటికీ పక్కన టేబులు, టైప్‌రైటరు, ఇల్లంతా పుస్తకాలు, సోఫా మీద కూడా పుస్తకాలే, బయట వాళ్లమ్మ పెంచిన తోట. వచ్చి కార్లో కూర్చుని ఏడ్చేశాను. నాకు రాసుకోడానికి డైనింగ్ టేబుల్లో ఒక మూల కూడా లేదు, అక్కడంతా అమ్మ మందుల డబ్బాలే" అని రాశారు. గుంటూరులో ఉన్న అన్నయ్య అమ్మను పంపేయమంటున్నారట. భర్త "రాసుకో, ఎవరొద్దన్నారు" అంటారు కానీ లేచి ఒక పని అందుకోరు. అమ్మ 1977 ఉప్పెన రాత్రి కథ మళ్లీ మళ్లీ చెబుతుంటే ఒక రోజు గట్టిగా అరిచేశారట, ఆ తర్వాత రెండు రోజులు అన్నం సహించలేదు. ఉద్యోగం మానేయాలా, అమ్మను పంపేయాలా, లేక నేనిక రచయితను కానని ఒప్పేసుకుని ప్రశాంతంగా ఉండాలా, ఈ మూడింట్లో ఏది చెప్పినా వింటాను అంటున్నారు.

ముందు ఆ ఇంటి గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ బాధలో సగం అక్కడే చిక్కు పడి ఉంది. మీరు చూసింది అన్ని పనులూ అయిపోయి సర్దిపెట్టిన ఇల్లు. అందులో జబ్బుపడ్డ మనిషి లేదు, మందుల డబ్బాల్లేవు, రాత్రి రెండింటికి లేచి బాత్‌రూమ్‌కి చేయి పట్టుకుని తీసుకెళ్లే పని లేదు. అవన్నీ ఒకప్పుడు ఆ ఇంట్లోనూ ఉండేవి. పైన్‌హర్స్ట్ వీధిలో ఆ ఇల్లు వెల్టీ వాళ్ల నాన్న 1925లో కట్టించారు, 1931లో ఆయన పోయారు. న్యూయార్క్‌లో చదువుకుని వచ్చిన కూతురు అప్పట్నుంచి 2001లో చనిపోయేదాకా ఆ ఇంట్లోనే ఉంది, పెళ్లి చేసుకోలేదు. అమ్మ చెస్టీనాకు తోటంటే ప్రాణం. 1950ల నడిమికి వచ్చేసరికి ఆ అమ్మకు కళ్లు దెబ్బతిన్నాయి, తర్వాత పక్షవాతం, ఇంట్లో నర్సులు, చివరికి వేరే ఊళ్లో పెద్దవాళ్లను చూసుకునే హోమ్‌లో చేర్చక తప్పలేదు. ఖర్చులకని మధ్యలో వెల్టీ జాక్సన్‌లోనే మిల్‌సాప్స్ కాలేజీలో పాఠాలు చెప్పింది. 1966 జనవరిలో అమ్మ పోయింది, అదే వారంలో తమ్ముడు కూడా పోయాడు.

ఇప్పుడు ఆవిడ పుస్తకాల తేదీలు చూడండి. 1955లో ఒక కథల సంపుటి వచ్చింది. ఆ తర్వాత పెద్దవాళ్ల కోసం రాసిన కొత్త కథల పుస్తకం గానీ నవల గానీ రావడానికి 1970 అయింది, మధ్యలో వచ్చింది ఒక చిన్న పిల్లల పుస్తకం. పదిహేనేళ్లు! మీకు మూడేళ్లే. 1973లో పులిట్జర్ బహుమతి వచ్చిన నవల ఆ పదిహేనేళ్ల తర్వాతిదే, అందులో ఉన్నదీ ఒక కూతురు, తల్లిదండ్రుల మరణం, ఖాళీ అయిన ఇల్లు. అమ్మ పక్కన కూర్చున్న రోజులు ఆవిడ రాతకు అడ్డుపడ్డాయి, నిజమే, నేను దాన్ని తియ్యగా చేసి చెప్పను. కానీ ఆ రోజుల్లో ఆవిడ రాయడం మొత్తానికి మానేయలేదు, రాసే పద్ధతి మార్చుకుంది, నాకు ముఖ్యంగా కనిపించేది అదే.

అదెలాగో చెబుతాను. వెల్టీ టైపు చేసిన కాగితాన్ని కత్తెరతో కత్తిరించి, ఒక పేరా ఇక్కడిది అక్కడికి, అక్కడిది ఇక్కడికి మార్చి, గుండుసూదులతో గుచ్చేది. మొదట్లో జిగురుతో అంటించేది కానీ, జిగురైతే మళ్లీ ఊడదీయలేం కదా. మంచం మీదో భోజనాల బల్ల మీదో ఆ పొడవాటి కాగితం పట్టీలు పరుచుకుని చూసుకునేది. ఆ 1970 నవల ఆ ఏళ్లన్నీ అలా ముక్కలు ముక్కలుగా పోగైందే, అమ్మకు కాస్త నిమ్మళించినప్పుడు ఒక సీను, లేనప్పుడు రెండు మాటల నోట్సు. ఇలా రాయడానికి పొద్దంతా ఖాళీగా ఉండక్కర్లేదు, రాసిన ముక్క పోకుండా ఒక పెట్టె ఉంటే చాలు. మీరు మాత్రం నాలుగో అధ్యాయం మొదటి వాక్యం నుంచి ఆఖరి వాక్యం దాకా ఒక పట్టున రాయాలని కూర్చుంటున్నారు, ఇరవై నిమిషాలకు అమ్మ పిలుస్తారు, లేస్తారు, మళ్లీ వచ్చి మొదటి నుంచి చదువుకుంటారు. మీ ఉత్తరంలో మీరే రాశారు ఈ మాట. రాసే శక్తి ఏమీ పోలేదండీ. మీకున్న సమయానికీ మీరు రాసే పద్ధతికీ పొంతన కుదరడం లేదు, అంతే.

ఇంకో సంగతి. 1963 జూన్‌లో జాక్సన్‌లోనే నల్లజాతి హక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ను ఆయన ఇంటి ముందే కాల్చి చంపారు. ఆ రాత్రి వెల్టీ కూర్చుని ఒక్క బిగిన ఒక కథ రాసేసింది, హంతకుడి గొంతుతో. జులై మొదట్లోనే న్యూయార్కర్ పత్రికలో అచ్చయింది. అమ్మను చూసుకుంటున్న రోజుల్లో జరిగిందే ఇది. అంటే పెద్ద పని సాగని కాలంలో కూడా చిన్నది, అత్యవసరమైనది ఒకటి రావచ్చు, చేతికి అలవాటు పోకుండా ఉంటే.

ఆ ఎవర్స్ ఉన్న గైన్స్ వీధిలోనే ఇంకో రచయిత్రి ఇల్లు ఉంది, ఆవిడ పేరు మార్గరెట్ వాకర్. ఆ వీధిని ఇప్పుడు ఆవిడ పేరుతోనే పిలుస్తున్నారు. వెల్టీని చూసి మీరు ఏడ్చారు గానీ, నిజానికి మీ బతుకు పోలిక ఎక్కువగా వాకర్‌తో. ఆవిడ నల్లజాతి మనిషి, వెల్టీలా నాన్న కట్టించిన ఇల్లూ, ఆ తీరికా వారసత్వంగా రాలేదు. జాక్సన్ స్టేట్ కాలేజీలో 1949 నుంచి ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పింది, నలుగురు పిల్లల్ని పెంచింది. చిన్నప్పుడు రాత్రిళ్లు అమ్మమ్మ చెప్పిన ముత్తవ్వ కథ, బానిసగా పుట్టిన మనిషి కథ, దాన్ని నవలగా రాయాలని 1934లో కాలేజీ పిల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టింది. అచ్చయింది 1966లో. చివర్లో అయోవా యూనివర్సిటీలో పీహెచ్‌డీకి అదే నవలను సమర్పించింది, అంటే ఉద్యోగానికి కావలసిన డిగ్రీనీ తను రాయాలనుకున్న పుస్తకాన్నీ ఒకే పనిగా మార్చుకుంది. ఇది నాకు చాలా నచ్చిన విషయం. రెండు పనులు విడివిడిగా చేయడానికి వేళ లేనప్పుడు ఒకే పనిలో రెండూ ఇమిడేలా చూసుకోవడం.

ఇక మీరు అడిగినవాటికి వస్తాను. ఏది చేయమని నేను చెప్పను, మీ ఇల్లు మీకే తెలుసు. ఏది చేస్తే ఏమవుతుందో నాకు కనిపించినంత చెబుతాను.

ఉద్యోగం మానేస్తే ఇన్సూరెన్సు భర్తది కాబట్టి ఇల్లు మునిగిపోదు. కానీ పాప కాలేజీ ఫీజులు వచ్చే సమయానికి ఒక జీతం తగ్గుతుంది. అమ్మ కోసం మనిషిని పెట్టుకునే స్తోమత మొదట పోయేది అప్పుడే. పైగా "ఇంట్లోనే ఉన్నావుగా" అన్న మాట ఒకటుంది. ఆ మాట ఎవరూ నోటితో అనకపోయినా పనులన్నీ మీ వైపే జారుకుంటూ వస్తాయి. ఉద్యోగం ఉన్నప్పుడు ఆఫీసు గంటలైనా మీవి, మానేశాక అవీ ఉండవు. రోజంతా ఖాళీ దొరికితే రోజంతా రాస్తామనుకోవడం కూడా ఒక భ్రమ. జార్జియాలో ఫ్లానరీ ఓకానర్ అని ఇంకో రచయిత్రి ఉండేది. పాతికేళ్లకే లూపస్ జబ్బు చేసి, తిరిగొచ్చి అమ్మ నడిపే పాడి ఫారమ్‌లో ఉండిపోయింది. ఉద్యోగం లేదు, పిల్లల్లేరు. అయినా ఆవిడ రాసింది పొద్దున పూట మూడు గంటలే. టేబులు కిటికీ వైపు కాకుండా బీరువా వీపు వైపు తిప్పుకుని కూర్చునేది. మధ్యాహ్నం ఉత్తరాలు, వరండాలో వచ్చిపోయేవాళ్లు, పెంచుకున్న నెమళ్లు. పొలం, పాలు, పనివాళ్లు, లెక్కలు అన్నీ అమ్మ రెజీనా చూసుకునేది. ఒక కథను టీవీవాళ్లు కొంటే వచ్చిన డబ్బుతో అమ్మకు కొత్త ఫ్రిజ్ కొనిపెట్టింది. ముప్ఫై తొమ్మిదేళ్లకే 1964లో పోయింది. ఆ మూడు గంటలు నిలబడటానికి వెనక ఇంకో మనిషి రోజంతా నిలబడింది, అది మర్చిపోకండి. మీ ఇంట్లో ఆ రెండో మనిషి ఎవరు? ఈ ప్రశ్న తేల్చకుండా ఉద్యోగం మానేస్తే రెజీనా పనీ మీదే, ఫ్లానరీ పనీ మీదే అవుతుంది.

అమ్మను గుంటూరు పంపడం గురించి. అది పాపమేమీ కాదు, అక్కడ ఆవిడకు తెలుగు మాట్లాడే ఇరుగుపొరుగు ఉంటారు, గుడి ఉంటుంది, పలకరించడానికి వచ్చే చుట్టాలుంటారు. మీ ఊళ్లో మీరు ఆఫీసు పనిలో ఉన్నంతసేపూ ఆవిడకు గోడలే దిక్కు. కానీ పంపేయమన్నది అన్నయ్య. చూసుకోవాల్సింది వదిన. ఆవిడను ఎవరైనా అడిగారా? మీ ఉత్తరంలో వదిన ఊసే లేదు. రెండోది, మతిమరుపు ఉన్నవాళ్లు చోటు మారితే ఇంకాస్త తికమక పడతారు, మొదటి నెలలు కష్టంగానే ఉంటాయి. మూడోది గ్రీన్‌కార్డు. ఆరు నెలలు దాటి బయట ఉంటే తిరిగొచ్చేటప్పుడు ప్రశ్నలు వేస్తారు, ముందే రీఎంట్రీ పర్మిట్ తీసుకోకుండా ఏడాది దాటితే కార్డుకే ముప్పు. మెడికేర్, అంటే పెద్దవాళ్లకు ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా, కొనుక్కోవడానికి ఐదేళ్లు వరసగా ఇక్కడ నివాసం ఉండాలి, అమ్మకు ఇంకా రెండేళ్లుంది, ఆ లెక్క దెబ్బతింటుందేమో లాయర్‌ను అడిగాకే టికెట్ కొనండి. తిరిగి రావడమే లేదు, గుంటూరులోనే ఉంటారనుకుంటే అది వేరే నిర్ణయం, అప్పుడు అమ్మను కూడా కూర్చోబెట్టి అడగాలి, తేటగా ఉన్న పూట చూసి. మధ్యే మార్గంగా శీతాకాలం రెండు మూడు నెలలు పంపి చూడొచ్చు. ఆ నెలల్లో మీకు రాత సాగుతుందా, లేక అపరాధభావంతో రోజూ వీడియో కాల్ చూస్తూ కూర్చుంటారా అన్నది మీకే తెలిసిపోతుంది.

ఉన్నచోట ఉంటూ సర్దుకోవడం మూడో దారి, మీరు అడగలేదు గానీ నేను చెబుతున్నాను. మీ ఆఫీసులో ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ అనే సెలవు వర్తిస్తుందేమో కనుక్కోండి. యాభైమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట, మీరు ఏడాది నిండా, ఆ ఏడాదిలో 1,250 గంటలు పనిచేసి ఉంటే, జబ్బుపడ్డ తల్లిని చూసుకోవడానికి ఏడాదిలో 12 వారాల దాకా జీతం లేని సెలవు ఇస్తారు, ఉద్యోగం పోదు. అవసరాన్ని బట్టి దాన్ని గంటలుగా, పూటలుగా కూడా వాడుకోవచ్చు. ఇప్పుడు మీ పెయిడ్ లీవులన్నీ అమ్మ డాక్టర్ల దగ్గరే కరిగిపోతున్నాయన్నారు. ఆ పూటలకు ఈ సెలవు వాడితే పెయిడ్ లీవుల్లో కొన్నైనా మీ రాతకు మిగలొచ్చు. కొన్ని ఆఫీసులు ముందు పెయిడ్ లీవులే వాడమంటాయి, ఆ మాట హెచ్‌ఆర్‌ను సూటిగా అడగండి. దీనివల్ల నష్టం, ఆ నెల జీతం తగ్గుతుంది. పెద్దవాళ్ల డే సెంటర్ దగ్గర్లో ఉంటే వారంలో రెండు పూటలు పంపొచ్చు, భాష రాదని అమ్మ మొదట మొరాయిస్తారు, అది ఎదురుచూడాల్సిందే. మీ ఆయన విషయానికొస్తే, "రాసుకో" అనే మనిషికి ఎప్పుడో, ఎంతసేపో చెప్పకపోతే ఆ మాట మాటగానే మిగిలిపోతుంది. శనివారం పొద్దున ఏడు నుంచి పది దాకా అమ్మ టిఫిను, మందులు, స్నానం ఏర్పాట్లు ఆయనవీ పాపవీ అని చెప్పేయండి. ఆయన మందులు తప్పు వేస్తారేమోనని మీరు మధ్యలో లేచి వెళ్లకూడదు, డబ్బాల మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. ఆ డబ్బాలు కూడా డైనింగ్ టేబుల్ మీంచి తీసి వేరే అరలో పెట్టండి. నిజంగానే చెబుతున్నాను, ఆ మూల మీది.

నాలుగోది, నవలను కొన్నాళ్లు పక్కన పెట్టడం. రచయితను కానని ఒప్పేసుకోవడానికీ దీనికీ చాలా తేడా ఉంది. ఒప్పేసుకుంటే ప్రశాంతత వస్తుందనుకుంటున్నారు, రాదేమోనని నా భయం. ఆ కోపం రేపు అమ్మ మీదికి తిరుగుతుంది, ఇప్పటికే కాస్త తిరిగింది. అరిచినందుకు మిమ్మల్ని మీరు కాల్చుకు తినకండి. అలసిపోయిన మనిషి అరుస్తుంది. కానీ ఆవిడ ఏ కథ చెబుతుంటే అరిచారో ఒకసారి చూడండి. 1977 నవంబరు ఉప్పెన రాత్రి, దివిసీమ నుంచి, రేపల్లె వైపు నుంచి చుట్టాలు తడిబట్టలతో తెనాలి ఇంటికి వచ్చిన కథ. మీ నవల ఆ ఇంటి గురించే కదా! వాకర్‌కు అమ్మమ్మ నోట దొరికిన ముడిసరుకు లాంటిదే మీకు రోజూ మీ వంటింట్లో దొరుకుతోంది, అదీ పోయే ముందు. చెప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి మారుతుంది అన్నారు, ఒకసారి వచ్చినవాళ్లు ఏడుగురంటారు, ఒకసారి తొమ్మిదంటారు, ఒకసారి లాంతరు ఉంటుంది, ఇంకోసారి ఉండదు. ఏది నిజం అని ఆవిడను దిద్దకండి, ఆవిడ బెంబేలెత్తిపోతారు. ఫోన్లో రికార్డు చేయండి, తేదీ వేసి ఉంచండి. మీ ఊరి మార్కెట్లో వేసవిలో పచ్చి బొబ్బర్ల కాయలు వస్తాయి, అక్కడివాళ్లకూ అవి ఇష్టమైన తిండే. అమ్మ వాటిని చూసి "ఇవి మన బొబ్బర్లేగా" అని కూర్చుని అన్నీ ఒలిచేశారని రాశారే, ఆ పూట ఆవిడ ఎంత తేటగా మాట్లాడారో కూడా మీరే రాశారు. చేతికి పని ఉంటే నోటికి మాట వస్తుంది. అలాంటి పూటల్లో పక్కన కూర్చోండి. దీనివల్ల నష్టం కూడా చెప్పాలి: అమ్మ మాటలు పోగేస్తూ ఉంటే మీ సొంత వాక్యం రాసుకోవడం వాయిదా పడుతూ పోతుంది, ఏడాదికి రికార్డింగులు మాత్రమే మిగిలే ప్రమాదం ఉంది. అందుకే విన్న రోజే ఒక అరపేజీ రాసి పెట్టెలో వేయండి, బాగున్నా బాగాలేకపోయినా.

రాసింది చదివే మనిషి కూడా కావాలి. మీ ఊళ్లో తెలుగు కథలు చదివేవాళ్లు లేరన్నది మీ ఉత్తరంలో ఒక్క లైనే, కానీ నాకు అది పెద్ద లోటుగా కనిపించింది. వెల్టీకి ఊళ్లో స్నేహితులు ఉండేవాళ్లు. 1930లలో వాళ్లంతా రాత్రి పూసే పువ్వు కోసం ఒక క్లబ్బు పెట్టుకున్నారు. ఎవరింట్లోనైనా మొగ్గ విచ్చుకోబోతోందంటే ఆ ఇంటావిడ పేపర్లో ప్రకటన వేసేది, వీళ్లు వెళ్లి అర్ధరాత్రి దాకా కూర్చునేవాళ్లు. మనం బ్రహ్మకమలం అని కుండీల్లో పెంచుకుంటామే, ఆ తరహా పువ్వే. న్యూయార్క్‌లో ఉన్న తన సాహిత్య ఏజెంటు డియర్మిడ్ రసెల్‌తో కూడా కథలతో పాటు మొక్కల గురించి, తోటల గురించి ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసుకుంది. మీకు తెనాలిలో కాలేజీ స్నేహితురాలు ఉంది, మీ పాత కథలన్నీ ఆవిడే మొదట చదివేది అన్నారు. ఆవిడకు వారానికొక అరపేజీ వాట్సాప్‌లో పంపండి, టైపు చేయలేకపోతే చదివి వాయిస్ పంపండి. వ్యాఖ్యానం వద్దని, చదివానని చెబితే చాలని ముందే చెప్పండి.

వీటిలో ఏది ఎంచుకున్నా ముందు చేయాల్సింది ఒకటుంది. అమ్మ మతిమరుపును డాక్టరుకు చూపించినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, వయసు వల్ల అనుకుని ఊరుకున్నట్టున్నారు. థైరాయిడ్ లోపం, బి12 తక్కువవడం, కొన్ని మందుల ప్రభావం వల్ల కూడా ఇలా అవుతుంది, వాటికి చికిత్స ఉంది. అవేవీ కాదని తేలితే, ముందు ముందు ఎలా ఉంటుందో ఆ డాక్టరే చెప్పగలరు. ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ కావాలన్నా ఆఫీసు అడిగేది డాక్టరు సర్టిఫికెట్టే. గుంటూరు పంపాలనుకున్నా వదిన ముందు ఆ రిపోర్టు పెట్టే మాట్లాడాలి, ఆవిడ ఏ బరువు మోయడానికి ఒప్పుకుంటోందో ఆవిడకు తెలియాలి కదా. అపాయింట్‌మెంట్ దొరికేదాకా అమ్మ ఒంటరిగా ఉండే పూటల్లో పొయ్యి వాడకుండా చూడండి, పాలు మైక్రోవేవ్‌లో వేడి చేసుకునేలా అలవాటు చేయండి, లేదా పొయ్యి దానంతటదే ఆగిపోయే టైమరు ఒకటి బిగించండి.